కూర్మమ్మ గుడ్ల కేసు

ఒక పెద్ద అడవిలో ఎవరైనా కేసు వెయ్యాలనుకుంటే, ముందు వాళ్లకి ఆయుష్షు ఎంత ఉందో చూసుకునేవాళ్లు.

మొదట్లో ఈ పద్ధతి లేదు. అనుభవం మీద నేర్చుకున్నారు. మొట్టమొదట కేసు వేసింది ఒక సీతాకోకచిలుక. పూలు పూయవలసిన నెలకి ముందే పూసి రాలిపోతున్నాయని, తను రెక్కలు ఆరబెట్టుకుని వచ్చేసరికి తేనె మిగలడం లేదని దాని గోడు. కోర్టువారు ఎంతో శ్రద్ధగా విని వాయిదా వేశారు. వాయిదా రోజున మూడుసార్లు పిలిచారు. పలికేవాళ్లు లేరు. ఫిర్యాది హాజరు కాలేదు గనక కేసు కొట్టేశారు.

తరవాత కుందేలు వేసింది. ఆ కేసు కుందేలు నుంచి మనవడికి, మనవడి నుంచి వాడి మనవడికి వచ్చింది. ఆఖరి కుందేలు కోర్టు ముందు నిలబడి, మా తాతలు అసలు దేని మీద కేసు వేశారో కాస్త చెప్తారా అని కోర్టువారినే అడిగింది.

అప్పుడు అడవిలో పెద్దవాళ్లంతా కూర్చుని ఆలోచించారు. ఈ కోర్టులో నిలబడి కేసు ముగింపు దాకా చూడాలంటే అది తాబేలు వల్లే అవుతుందని తేల్చారు.

ఆ తాబేలు పేరు కూర్మమ్మ. వయసు నూట పది. వాగు మలుపు తిరిగే చోట ఇసక దిబ్బ ఒకటి ఉంది. వాళ్ల అమ్మ గుడ్లు పెట్టింది ఆ దిబ్బలోనే, అమ్మమ్మ పెట్టిందీ ఆ దిబ్బలోనే. తాబేలు గుడ్ల మీద కూర్చుని పొదగదు. ఇసకలో గొయ్యి తీసి, పెట్టి, కప్పేసి వెళ్లిపోతుంది. మిగతా పని ఇసకది. ఇసక వెచ్చగా ఉండాలి. మరీ వెచ్చగా ఉండకూడదు. వేల ఏళ్లుగా ఇసకకి ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఆ సంగతి ఇసక మర్చిపోవడానికి కారణం వరహాలరావు.

వరహాలరావు అడవిపంది. కోరలతో నేల తవ్వడం వాళ్ల వంశంలో అందరికీ వచ్చిన విద్యే. మిగతావాళ్లు దుంప దొరగ్గానే ఆపేస్తారు. వరహాలరావు ఆపలేదు. కొండ కింద తవ్వుకుంటూ పోతే నల్లరాయి తగిలింది. ఒకరోజు పిడుగు పడి ఆ రాయి అంటుకుంది. చెట్టు అంటుకుంటే పూటలో బూడిదవుతుంది. ఇది నెల్లాళ్లు మండింది. ఆ మంటలో ఒక దుంప దొర్లి పడింది. వరహాలరావు దాన్ని ముట్టెతో ఇవతలికి లాగి, ఊదుకుని తిన్నాడు. ఆ ఒక్క దుంపతో అడవి మారిపోయింది.

పుట్టినప్పటి నుంచి పచ్చి దుంప తిన్న నోటికి కాల్చిన దుంప ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పైన తొక్క మాడుతుంది, లోపల పిండిలా విచ్చుకుంటుంది, వాసన ముక్కు పట్టుకుని లాక్కెళ్తుంది. వరహాలరావు నల్లరాయి దుంపల కంపెనీ పెట్టాడు. రాజుగారు సింహాచలం, అంటే సింహం, మొదటి దుంప రుచి చూసి కొండంతా తవ్వుకోమని అనుమతి ఇచ్చేశాడు. సింహం దుంప తినడమేమిటని అడక్కండి. రాజులకి కొత్తది ఏదైనా రుచిగానే ఉంటుంది.

గుంట పొయ్యి ఒకటి పదయింది. పది వందయ్యాయి. పగలూ రాత్రీ మండేవి. పొగ వెళ్లి అడవి మీద కూర్చుంది. ఎసరు మీద మూత పెడితే ఆవిరి ఎక్కడికి పోతుంది? అడవిలో వేడి కూడా అలాగే, పోయే దారి లేక ఉండిపోయింది. వాగు సన్నబడింది. ఇసక కాలడం మొదలుపెట్టింది.

ఇసక కాలుతోందని మిగతావాళ్లకి అరికాళ్లతో తెలిసింది. కూర్మమ్మకి అలా తెలియలేదు. ఆ ఏడు ఇరవై రెండు గుడ్లు పెట్టింది. రెండు నెలలు దాటినా ఇసక కదల్లేదు. తవ్వి చూసింది. గుడ్లు ఉడికిపోయి ఉన్నాయి. ఒక గుడ్డు పగిలితే లోపల సొన గట్టిగా, తెల్లగా, కత్తితో కోసేటట్టు ఉంది. పగలని ఒక గుడ్డుకి చెంప ఆనించి చాలాసేపు విన్నది. తరవాత ఇరవై రెండూ తిరిగి పూడ్చేసింది.

తరవాతి ఏడూ అంతే. ఆ తరవాతి ఏడూ అంతే.

అందుకని పెద్దలు వచ్చి అడిగినప్పుడు కూర్మమ్మ ఎక్కువ ఆలోచించలేదు. కోర్టు గుమాస్తా ముళ్లపంది దగ్గరికి వెళ్లింది. ముళ్లపందికి కలం కొనే అవసరం లేదు. వీపు మీది ముల్లు ఒకటి పీక్కుని, టేకాకు మీద గీస్తే ఎర్రటి అక్షరం పడుతుంది. కూర్మమ్మ చెప్పింది, గుమాస్తా రాశాడు. వరహాలరావు పొయ్యిలు ఆర్పాలి. వాటికి అనుమతి ఇచ్చినందుకు రాజుగారు కూడా జవాబు చెప్పాలి. వచ్చే వేసవికి ఇసక చల్లబడాలి. నా గుడ్లు పిల్లలవ్వాలి.

రాయడం అయ్యాక గుమాస్తా ఆకుని ఆమె ముందు పెట్టాడు. కూర్మమ్మకి చదువు రాదు. అయినా ఆ ఎర్రటి గీతల్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ నోటితో చెప్తే గాలికి పోయిన మాట, ఆకు మీద పడగానే ఎంత కుదురుగా కూర్చుందో. అందులో నా గుడ్లు ఎక్కడున్నాయని అడిగితే గుమాస్తా ముల్లుతో చూపించాడు.

కోర్టు వాగు ఒడ్డున జరిగేది. జడ్జి గజపతి అనే ఏనుగు. నిదానస్తుడు, మర్యాదస్తుడు, ఎవరు ఏం చెప్పినా చెవులు విసురుతూ వింటాడు. బంట్రోతు కొంగ. కంపెనీ తరఫున, రాజుగారి తరఫున కూడా వకీలు ఒకడే, జంబుకేశ్వర్రావు అనే నక్క. కంపెనీ దుంపలు తిని తిని ఒళ్లు నిగనిగలాడుతూ ఉండేవాడు.

జంబుకేశ్వర్రావు కూర్మమ్మకి వంగి నమస్కారం పెట్టి మొదలుపెట్టాడు. ఎండ కూర్మమ్మ గారొక్కరికే కాస్తోందా, అడవి అంతటికీ కాస్తోందా అని అడిగాడు. అడవంతటికీ అని ఆవిడ ఒప్పుకుంది. అయితే ఇది అడవంతటి కష్టం గాని కూర్మమ్మ గారి కష్టం కాదు, అందరికీ జరిగిన నష్టం గురించి ఒకరొచ్చి అడగడానికి లేదు అన్నాడు. మరి అడవంతా కలిసొచ్చి అడగొచ్చా అని జడ్జి అడిగితే, అంతమంది నిలబడడానికి కోర్టులో చోటు లేదన్నాడు. ఇది ఆలోచించదగిన విషయమని జడ్జి వాయిదా వేశాడు. ఆలోచించడానికి రెండేళ్లు పట్టింది. గుడ్లు నష్టపోయింది తాబేలే గనక తాబేలు అడగొచ్చని చివరికి తేల్చారు.

ఆ రెండేళ్లలో నలభై నాలుగు గుడ్లు ఉడికాయి.

తరవాతి అభ్యంతరం పొగ మీద. అడవిలో వంద పొయ్యిలున్నాయి, ఏ పొయ్యిలోంచి వచ్చిన పొగ ఏ గుడ్డుని ఉడికించిందో ఫిర్యాది చూపించాలి. మూడో గుడ్డు ఏడో పొయ్యిది అని తేలితే ఏడో పొయ్యి గురించి మాట్లాడుకుందాం, మిగతా తొంభై తొమ్మిదింటిని ఎందుకు ఆడిపోసుకోవడం. పొయ్యిలన్నీ ఒకే కంపెనీవి గనక అంత లెక్క అక్కర్లేదని తేల్చడానికి మూడేళ్లు పట్టింది.

ఆ తరవాత జంబుకేశ్వర్రావు కూర్మమ్మనే ప్రశ్నించాడు.

"కూర్మమ్మ గారూ, మీరు కాల్చిన దుంప ఎప్పుడైనా తిన్నారా?"

"తిన్నాను బాబూ. ఒకసారి మా తమ్ముడి కూతురు తెచ్చి పెట్టింది."

"ఎలా ఉంది?"

కూర్మమ్మ కొంచెం సిగ్గుపడింది. "బాగుంది."

ఒడ్డున కూర్చున్నవాళ్లంతా నవ్వారు. వాళ్ల నోళ్లలో కూడా దుంపలున్నాయి. కంపెనీవాళ్లు కోర్టు జరిగే రోజుల్లో ఉచితంగా పంచేవాళ్లు. బాగుందన్నది రాసుకోండి అని జంబుకేశ్వర్రావు గుమాస్తాకి చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"దుంప బాగుందంటే నా గుడ్లు ఉడకలేదనా బాబూ?" అని కూర్మమ్మ అడిగింది.

ఫిర్యాది ప్రశ్నలు అడగరాదని జడ్జి మెత్తగా గుర్తుచేశాడు.

ఇప్పుడు ఆ కోర్టులో ఒక ఆచారం గురించి చెప్పాలి. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా సరే, వాగులో దిగి, మోకాలు మునిగేంత నీళ్లలో నిలబడి చెప్పాలి. ఎవరి మోకాలు వాళ్లదే. ఏ నీళ్లు తాగి బతుకుతున్నామో ఆ నీళ్లలో నిలబడి అబద్ధం ఆడడానికి ఎవరికీ నోరు రాదని పూర్వం వాళ్లు పెట్టారట. ఆ పెట్టినప్పుడు వాగు నిండుగా ఉండేది. అడవిదున్న దిగినా పొట్ట తడిసేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

కూర్మమ్మకి గట్టి సాక్షులు ఇద్దరున్నారు. ఒకడు అడవిదున్న. పొయ్యిలు వచ్చిన ఏటి నుంచి గడ్డి ఎలా ఎండుతూ వచ్చిందో ఏడాదికేడాది చెప్పగలడు. రెండోది కణితి అనే పెద్ద దుప్పి. పొయ్యిలు పెట్టక ముందే వరహాలరావు, దీనివల్ల వేడి పెరుగుతుందేమో, మనకేం కొండ గుహలు చల్లగానే ఉంటాయి అని అనడం చెవులారా విన్నది.

వాళ్లు నోరు విప్పితే కంపెనీ పని అయిపోయినట్టేనని వరహాలరావుకి దిగులు పట్టుకుంది. జంబుకేశ్వర్రావు ఒక సాయంత్రం అతన్ని వాగు ఒడ్డుకి తీసుకెళ్లి నీళ్లు చూపించాడు. నీళ్లు అడవిదున్న మోకాలికి నాలుగు వేళ్ల పైన ఉన్నాయి. ఏడాదికి రెండు వేళ్లు తగ్గుతున్నాయని, మూడేళ్లు వాయిదాలు తీసుకుంటే ఈ సాక్షుల మోకాళ్లు మునగవని, మనం ఏమీ చెయ్యక్కర్లేదని, మన పొయ్యిలు మండుతుంటే చాలని వివరించాడు. తన పొయ్యిలు తన కేసు కూడా గెలిపిస్తాయని అతనికి అంతవరకు తెలియదు.

జంబుకేశ్వర్రావు మూడేళ్లు వాయిదాలు తీసుకున్నాడు. ఒకసారి వకీలుకి జలుబు. ఒకసారి రాజుగారి పుట్టినరోజు. ఒకసారి అసలు తాబేలుకి మోకాలు ఉంటుందా, ఉంటే ఎక్కడ, అన్న ప్రశ్న. దాని మీదే ఏడాది గడిచింది. కొంగ ముక్కుతో కూర్మమ్మ కాళ్లు నాలుగూ నొక్కి చూసి, ఉంది, కాని లోపలికి ఉంది అని నివేదిక ఇచ్చింది.

ఆ మూడేళ్లూ గడిచాక అడవిదున్న వాగులో దిగాడు. నీళ్లు మోకాలికి కిందే ఆగాయి. లోతున్న చోటు కోసం అటూ ఇటూ తిరిగాడు. ఎక్కడా లేదు. పాపం, మోకాళ్లు వంచి కూర్చున్నాడు. నిలబడి చెప్పాలని ఆచారం, కూర్చుని కాదని జంబుకేశ్వర్రావు లేచాడు. కణితికీ అదే గతి పట్టింది. ఇద్దరి సాక్ష్యమూ చెల్లదన్నారు.

జంబుకేశ్వర్రావుకి అక్కడితో తృప్తి కలగలేదు. రేపు ఎవరైనా దీన్ని తిరగదోడతారేమోనని, ఈ సంగతి బండ మీద చెక్కించమని జడ్జిని బతిమాలాడు. మోకాలు మునగకుండా చెప్పిన మాట కోర్టులో మాట కాదు, ఎవరికైనా సరే అని చెక్కించారు. ఎవరికైనా సరే అన్న ముక్క అవసరమా అండీ అని ముళ్లపంది గుమాస్తా గొణిగాడు. ఉంటే నిండుగా ఉంటుంది ఉండనీ అన్నాడు జంబుకేశ్వర్రావు.

సాక్షులు ఇద్దరూ పోయాక కూర్మమ్మ ఒక్కతే నీళ్లలో దిగి, ఎన్ని గుడ్లు పెట్టిందో, ఎన్ని ఉడికాయో చెప్పింది. ఆవిడకి అప్పటికీ మోకాళ్లేమిటి, మెడదాకా వచ్చాయి నీళ్లు.

పదకొండో ఏడు వేసవిలో ప్రతివాదుల వంతు వచ్చింది. ప్రతివాదులు నీళ్లలో నిలబడి కాదు అనకపోతే అవును అన్నట్టే లెక్క, అది కూడా పూర్వపు ఆచారమే.

ఆ రోజు అడవంతా వచ్చింది. వరహాలరావు ఒళ్లు కడుక్కుని, కోరలు తోముకుని వచ్చి వాగులో దిగాడు. గిట్టలు తడిశాయి. అంతే. ఇంకొంచెం ముందుకి వెళ్లాడు. గిట్టలే.

వరహాలరావు వకీలు వైపు చూశాడు. వకీలు బండ వైపు చూశాడు.

"లోతు లేకపోతే ఏం, లోతు చేస్తాను," అని వరహాలరావు కోరలు దించి వాగు అడుగు తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వడంలో అతన్ని మించినవాళ్లు లేరు. ఇసక ఎగిరి పడుతోంది, గొయ్యి పెరుగుతోంది, వాగులో ఉన్న నీళ్లన్నీ ఆ గోతిలోకి చేరుతున్నాయి. గిట్టలు దాటాయి. మోకాలికి బెత్తెడు కిందికి వచ్చాయి. ఇంకొక్క పట్టు పట్టాడు. అడుగున ఏదో విరిగిన చప్పుడైంది. నీళ్లు గుటగుటమంటూ సుడి తిరిగి, గోతిలోంచి కిందికి, ఎక్కడికో వెళ్లిపోయాయి. వాగు కింద నుంచి వెళ్లే సొరంగం కంపెనీదే. తన సొరంగం కప్పుకి తనే చిల్లు పెట్టుకున్నాడు.

ఇంక రాజుగారు మిగిలాడు. సింహాచలం ఠీవిగా వచ్చి తడి ఇసకలో నిలబడ్డాడు. మేము మోకాళ్ల మీద కూర్చుంటే సరిపోతుందా అని గొంతు తగ్గించి అడిగాడు. జడ్జి ఎంతో నొచ్చుకుంటూ తొండంతో బండ మీది అక్షరాలు తడిమి చూపించాడు.

"ఎవరికైనా సరే అని ఉంది ప్రభూ."

ఇసక దిబ్బ పక్కన చిన్న మడుగు ఒకటి మిగిలింది. అందులో మోకాలు మునిగేది కూర్మమ్మ ఒక్కదానికే. కాబట్టి ఆ కోర్టులో చెల్లే మాట చెప్పింది కూర్మమ్మ ఒక్కతే. కాబట్టి ఆవిడ చెప్పిందే నిజం. కేసు కూర్మమ్మ గెలిచింది.

తీర్పు చాలా పెద్దది. పదకొండేళ్లుగా వింటున్నవన్నీ గజపతి అందులో రాయించాడు. ఎండ ఎలా ఉంటుంది, గుడ్డు ఎంత గొప్పది, ఇసక మీద తాబేలు జాతికి గల జన్మహక్కు ఎలాంటిది, అన్నీ ఉన్నాయి. మొత్తం మూడు వందల నలభై టేకాకులు. ఆఖరి ఆకు మీద పొయ్యిలు ఆర్పవలెను అని ఉంది. గెలిచినవాళ్లు ఇంట్లో పెట్టుకుని చూసుకోవడానికి అసలు ప్రతినే ఇచ్చేస్తారు. కొంగ నాలుగు దఫాలుగా మోసి కూర్మమ్మ దిబ్బ మీద పేర్చింది.

ఇలాంటి తీర్పు ఏ అడవిలోనూ రాలేదన్నారు. పక్క అడవుల నుంచి అభినందనలు వచ్చాయి. అడవంతా పండగ చేసుకుంది. పండగ కదా, ఆ రోజు కంపెనీ నూట యాభై పొయ్యిలు వెలిగించి అందరికీ కాల్చిన దుంపలు పెట్టింది.

మర్నాడు కూర్మమ్మ నెమ్మదిగా నడుచుకుంటూ కొండ దగ్గరికి వెళ్లింది. వరహాలరావు ఎదురొచ్చి లోపలికి పిలిచాడు.

"పిన్నీ, కోర్టువారి మాట నాకు శిరోధార్యం. ఆర్పమన్నారు, ఆర్పేస్తాను. నీళ్లు చూపించు."

"నీళ్లెందుకు నాయనా, రాయి వెయ్యడం మానెయ్యి. అదే ఆరిపోతుంది."

వరహాలరావు చెవులు ముడుచుకున్నాడు. "అంత మాటనకు పిన్నీ. తీర్పులో ఆర్పమని ఉంది. మానెయ్యమని లేదు. కోర్టు చెప్పనిది చేస్తే ధిక్కారం అవుతుంది."

అక్కడి నుంచి రాజుగారి దగ్గరికి వెళ్లింది. సింహాచలం ఆవిడని ఆదరంగా కూర్చోబెట్టి, తీర్పుని గౌరవిస్తున్నామని చెప్పాడు. పొయ్యిలు ఆర్పడానికి నీళ్లు ఎక్కడ దొరుకుతాయో చూడడానికి సంఘం ఒకటి వేస్తున్నామన్నాడు. సంఘానికి పెద్ద ఎవరు బాబూ అని అడిగింది. తవ్వకాలు బాగా తెలిసినవాడు వరహాలరావే కదా అన్నాడు.

కూర్మమ్మ దిబ్బకి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. అసలు సంగతేమిటంటే, తీర్పు రావడానికి నాలుగు రోజుల ముందు ఆవిడ ఆ ఏటి గుడ్లు పెట్టింది. ఈసారీ ఇరవై రెండే. ఆవిడ వయసుకి ఇంకెన్నిసార్లు పెడుతుందో తెలియదు. పన్నెండేళ్లుగా ఒక్క పిల్ల కూడా దిబ్బ దిగి నీళ్లలోకి వెళ్లలేదు. ఇసక మీద కాలు పెడితే చుర్రుమంది. ఇంకో వారంలో ఇవి కూడా ఉడుకుతాయి.

ఎండలో తీర్పు పేర్చి ఉంది. తీర్పు కింద నీడ ఉంది. కూర్మమ్మ ఆ నీడలో కాలు పెట్టి చూసింది. చల్లగా ఉంది.

తరవాత మొదటి ఆకు నోటితో పట్టుకుని లాగి, గుడ్లున్న చోట పరిచింది. దాని మీద రెండోది. తాబేలు పని కదా, మూడు వందల నలభై ఆకులు పరచడానికి మూడు రోజులు పట్టింది. ఎండ వర్ణన అడుగుకి వెళ్లింది, జన్మహక్కు మధ్యలోకి వచ్చింది, పొయ్యిలు ఆర్పవలెను అన్నది అన్నిటికన్నా పైన కూర్చుంది. రోజూ తెల్లారగానే మడుగులోంచి నోటితో నీళ్లు తెచ్చి తీర్పు మీద చల్లేది.

ఇలా యాభై రోజులు గడిచాయి.

ఈలోగా జంబుకేశ్వర్రావు తీర్పుని తిరిగి పరిశీలించాలని అర్జీ పెట్టాడు. దుంప బాగుందని ఫిర్యాది ఒప్పుకున్న మాటకి రెండు వందల పన్నెండో ఆకులో తగినంత విలువ ఇవ్వలేదని అతని బాధ. అసలు ప్రతి కావలసి వచ్చింది. కొంగ తెద్దామని దిబ్బకి వెళ్లి, చూసి, ఒక్క పరుగున వెనక్కి వచ్చింది.

కోర్టు ఆ మధ్యాహ్నమే దిబ్బ దగ్గర కూర్చుంది. అంత త్వరగా ఆ కోర్టు ఎప్పుడూ కూర్చోలేదు. కూర్మమ్మని మడుగులో నిలబెట్టారు.

గజపతి చెవులు విసరడం ఆపేశాడు. "కూర్మమ్మా, అది తీర్పు. దాన్ని నేల మీద ఎందుకు పరిచావు?"

"ఎండగా ఉంది బాబూ. ఇన్ని ఆకులు ఊరికే ఉన్నాయి."

అడవంతా నోరు నొక్కుకుంది. ఇది కోర్టు ధిక్కారం తప్ప మరొకటి కాదన్నాడు జంబుకేశ్వర్రావు. తీర్పుని అమలు చెయ్యవలసింది రాజుగారు, ఫిర్యాది తనంతట తాను అమలు చేసుకోవడం ఏ అడవిలోనూ వినలేదన్నాడు. ఆకులు తక్షణం తొలగించి కోర్టు అధీనంలోకి తీసుకోవాలన్నాడు. జడ్జి తల ఊపాడు. కొంగ దిబ్బ ఎక్కి, పై ఆకు ముక్కుతో పట్టుకుంది.

కింద గుడ్లలో పిల్లలు తయారవుతున్నాయి. ఇంకో పది రోజులు నీడ ఉంటే చాలు. ఇప్పుడు ఎండ పడితే సాయంత్రానికి అయిపోతుంది. ఆ సంగతి చెప్తే లాభం లేదని పదకొండేళ్లలో కూర్మమ్మకి తెలిసింది. గుడ్ల గురించి ఏం చెప్పినా ఆ కోర్టులో ఆలోచించదగిన విషయం అవుతుంది.

ఆవిడ మెడ పైకెత్తింది.

"బాబూ, నాకొక వాయిదా కావాలి."

కొంగ ఆకు వదిలేసింది. గుమాస్తా తల ఎత్తాడు. పదకొండేళ్లలో కూర్మమ్మ వాయిదా అడగడం అదే మొదలు. జడ్జి అలవాటు ప్రకారం అవతలి వకీలు వైపు తిరిగి, మీకేమైనా అభ్యంతరమా అని అడిగాడు.

జంబుకేశ్వర్రావు పుట్టి బుద్ధెరిగాక వాయిదాకి అభ్యంతరం చెప్పి ఎరగడు. వాళ్ల నాన్నా చెప్పలేదు, తాతా చెప్పలేదు. వాయిదా అన్న మాట చెవిన పడగానే వాళ్ల ఇంట్లో తల దానంతట అదే ఊగుతుంది.

"అభ్యంతరం లేదండి," అన్నాడు.

పక్క నుంచి వరహాలరావు కోరతో పొడిచాడు. జంబుకేశ్వర్రావు తన మాట తనే విని, చెవులు నిక్కబొడుచుకుని, ఏదో అనబోయాడు. అప్పటికే గుమాస్తా ముల్లు ఆకు మీద పడింది.

"ఎన్ని రోజులు?" అని జడ్జి అడిగాడు.

"పన్నెండు చాలు బాబూ. జలుబుగా ఉంది."

వాయిదా నడుస్తుండగా ఎవరూ దేన్నీ ముట్టుకోరాదు. కొంగని దిబ్బ మీద కాపలా పెట్టారు. కూర్మమ్మ తెల్లారగానే నీళ్లు చల్లుతుంటే, తీర్పు తడుస్తుందేమోనని అది కంగారుపడేది గాని, తడపకూడదని ఏ ఆకు మీదా రాసి లేదు.

తొమ్మిదో రోజున ఆకుల కింద చిన్న చప్పుడైంది. పొయ్యిలు ఆర్పవలెను అన్న ఆకు కొంచెం పైకి లేచింది. దాని కిందనుంచి బొటనవేలంత తల ఒకటి బయటికొచ్చి, అడవిని చూసి, కళ్లు మూసుకుని మళ్లీ తెరిచింది. దాని వెనక ఇంకొకటి. సాయంత్రానికి తొమ్మిది వచ్చాయి. మిగతా పదమూడు రాలేదు. కూర్మమ్మ వాటికోసం మర్నాడు కూడా చూసింది. పదకొండో రోజున వాన పడింది. పెద్ద వానేం కాదు, సన్నటిది. వాగులో తాడంత ధార కట్టింది. తొమ్మిదీ ఆ ధారలో దిగి, ఒకదాని వెనక ఒకటి, కింద ఉన్న పెద్ద ఏటి వైపు వెళ్లిపోయాయి. కాపలా ఉన్న కొంగ తల అటు తిప్పి నిలబడింది. ఆకలి వెయ్యలేదా అని తరవాత ఎవరో అడిగితే, డ్యూటీలో ఉన్నాను అంది.

పన్నెండో రోజున కోర్టు కూర్చుంది. కూర్మమ్మ నేరం చేసినట్టు తేలింది. తీర్పుని నేల మీద పరిచినందుకు, తడిపినందుకు, అనుమతి లేకుండా దాని వల్ల లాభం పొందినందుకు శిక్ష. నూట ఇరవై ఏళ్ల పెద్దావిడ గనక మందలించి వదిలేశారు. కొండ మీద పొయ్యిలు మండుతున్నాయి. ఒడ్డున అందరికీ దుంపలు పంచారు. సంఘం ఇంకా నీళ్లు వెతుకుతోంది.

కూర్మమ్మ తమ్ముడి కూతురు కూడా ఆ ఏడే ఈడుకొచ్చింది. వచ్చే వేసవికి గుడ్లు పెడుతుంది. ఆ పిల్ల ఒడ్డున నిలబడి చూస్తోంది. కూర్మమ్మ వెళ్లబోతూ ఆగింది.

"బాబూ, ఈ తీర్పు ఎన్ని ఆకులు?"

"నాలుగు వందల పది," అన్నాడు గజపతి. శిక్ష పడినవాళ్లు చదువుకుని బుద్ధి తెచ్చుకోవాలి గనక మొత్తం వాళ్లకే ఇచ్చెయ్యాలని కూడా చెప్పాడు.

"అలాగే బాబూ. వేసవిలో తీరిగ్గా చదువుకుంటాం."

దీన్నిబట్టి తెలుసుకోవలసింది ఏమిటంటే, తీర్పు అనేదాన్ని ఎంతైనా గౌరవించొచ్చు గాని, వాడుకోకూడదు.